స్పెక్ట్రోమీటరుతో పాటు దాని కమాండ్ల పుస్తకం కూడా కొనండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఫిజిక్స్, కెమిస్ట్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, పరికరాల కొనుగోలు కమిటీల పెద్దలకు,

నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీ పరికరాలు, అంటే వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి కొలిచేవి, చూసుకునే ఉద్యోగిని. రెండు రాష్ట్రాల్లోనూ ల్యాబుల్లో పనిచేసే మిత్రులతో తరచూ మాట్లాడుతుంటాను కాబట్టి, ఇక్కడ రాస్తున్నది నా ఒక్కడి గోడు కాదని తెలుసు. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇకమీదట మీరు ఏ స్పెక్ట్రోమీటరు కొన్నా, దాన్ని మన కంప్యూటర్ నుంచి, మనం రాసుకున్న ప్రోగ్రామ్‌తో నడుపుకునే వీలు ఉండాలని టెండరులోనే రాయించండి. ఆ ప్రోగ్రామ్ రాయడం ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో నేర్పించండి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే, పరికరానికి ఏ ఆదేశం ఎలా పంపాలో చెప్పే కమాండ్ల పుస్తకం బీరువాలో పడి ఉంటుంది. రెండోది చేసి మొదటిది వదిలేస్తే పిల్లలకు నేర్చుకున్నది వాడే చోటు ఉండదు. అందుకే రెండు కమిటీలకూ కలిపి ఒకే లేఖ.

"ఈ రోజుల్లో కంప్యూటర్ లేని పరికరం ఎక్కడుందయ్యా?" అని మీలో కొందరైనా అనుకుంటారు. నిజమే, ప్రతి పరికరం పక్కనా ఒక కంప్యూటర్ ఉంది. అందులో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంది. విద్యార్థి వచ్చి ద్రావణం పోసిన క్యూవెట్ (చిన్న పారదర్శక పాత్ర) పెడతాడు, స్టార్ట్ నొక్కుతాడు, స్కాన్ అయ్యేదాకా ఫోన్ చూసుకుంటాడు, ఫైలుకు పేరు టైపు చేసి సేవ్ చేస్తాడు, మళ్ళీ స్టార్ట్ నొక్కుతాడు. ఆ ఫైళ్ళ పేర్లు చూడాలి మీరు: ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ న్యూ 2, లాస్ట్ ఫైనల్. ఆరు నెలల తర్వాత గైడ్ అడిగితే, ఏ ఫైలు ఏ శాంపిల్‌దో, వెలుగు దూరే స్లిట్ (సన్నని చీలిక) ఎంత పెట్టి తీశాడో అతనికే తెలియదు. పూర్వం తరంగదైర్ఘ్యం మార్చడానికి చేత్తో డ్రమ్ము తిప్పేవాళ్ళం, ఇప్పుడు చేత్తో మౌస్ నొక్కుతున్నాం. దీన్ని ఆటోమేషన్ అనడానికి నాకు మనసొప్పదు.

దగ్గరగా చూస్తే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఫోటోల్యూమినెసెన్స్ (వెలుగు పడ్డ పదార్థం తిరిగి వెలువరించే వెలుగు) కొలిచే బల్లనే తీసుకోండి. ఒక చివర లేజర్ లేదా దీపం, దాని ముందు వెలుగును ముక్కలు చేసే చాపర్, తర్వాత శాంపిల్, ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని విడిగా ఎంచే మోనోక్రోమేటర్, దాని అవతల వెలుగును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్, చాపర్ లయలో వచ్చే ఆ సిగ్నల్‌ను మాత్రమే చదివే లాక్-ఇన్ యాంప్లిఫయర్. 400 నుంచి 800 నానోమీటర్ల దాకా ఒక్కో నానోమీటరుకు ఒక రీడింగ్ అంటే 401 రీడింగులు. లాక్-ఇన్ టైమ్ కాన్‌స్టంట్ (అది సిగ్నల్‌ను సగటు చేసే వ్యవధి) 300 మిల్లీసెకన్లు పెట్టామనుకోండి. ఫిల్టరు మామూలు 6 డెసిబెల్ వాలు మీద ఉంటే, సిగ్నల్ మారాక అసలు విలువలో 99 శాతానికి చేరడానికి దానికి ఐదు రెట్లు, అంటే ఒకటిన్నర సెకన్లు ఆగాలి. వాలు 24 డెసిబెల్‌కు పెడితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. కంప్యూటర్ ప్రతి రీడింగుకూ సరిగ్గా అంతే ఆగుతుంది. మోటారు కదిలే సమయం పక్కన పెడితే పది నిమిషాల్లో స్కాన్ ముగుస్తుంది.

అదే మనిషి చేస్తే? పీక్ దగ్గర ఉత్సాహంగా ఉంటుంది కాబట్టి ఆగి ఆగి చూస్తాడు. సిగ్నల్ ఏమీ లేని చివరి వంద నానోమీటర్లకు వచ్చేసరికి నడుము నొప్పి, ఆకలి, బస్సు టైము. అంకె నిలబడక ముందే రాసేసుకుంటాడు. ఆ తొందర అంతా గ్రాఫులో చేరిపోతుంది, దానికి మనం భౌతికశాస్త్రపు అర్థం వెతుకుతాం.

కెమిస్ట్రీ వైపు చూస్తే మిథిలీన్ బ్లూ ఉంది. మన దగ్గర ఫోటోకెటాలసిస్ (వెలుగు సాయంతో రసాయన చర్యను వేగం చేయడం) మీద పనిచేసే ప్రతి రెండో విద్యార్థీ ఆ నీలి రంగుతోనే మొదలుపెడతాడు (కొత్త రంగు దొరికితే బాగుండునని నా ఆశ, అది వేరే సంగతి). పది నిమిషాలకోసారి కొంచెం ద్రావణం తీసి 664 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (అది వెలుగును ఎంత పీల్చుకుంటోందో) కొలవాలి. పరికరం దగ్గర ఇంకొకరుంటే పదో నిమిషం రీడింగ్ పదమూడో నిమిషంలో తీస్తారు, నోటుబుక్కులో మాత్రం పది అనే ఉంటుంది. ఆ అంకెలతోనే రేట్ కాన్‌స్టంట్ (చర్య వేగాన్ని చెప్పే అంకె) లెక్కగట్టి మూడు దశాంశ స్థానాల దాకా రాస్తాం. పరికరమే ప్రతి రీడింగు పక్కన గడియారం సమయం రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఆలస్యమైతే ఆలస్యమైందనే రాస్తుంది, లెక్క కూడా ఆ సమయంతోనే సాగుతుంది.

ఆ ప్రోగ్రామ్ ఏమంత బ్రహ్మవిద్య కాదు. మోటారుకు ఇన్ని అడుగులు వెయ్యమని చెప్పు, ఆగు, లాక్-ఇన్‌ను అంకె అడుగు, ఫైల్లో రాయి, మళ్ళీ మొదటికి రా. పైథాన్‌లో ముప్పై నలభై లైన్లు. అయితే ఆ నలభై లైన్లు రాయాలంటే పరికరం లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి, నాకు నచ్చేది అదే. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. దానికీ, వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగుకూ మధ్య ఉన్న గేర్లలో కొంత ఆట ఉంటుంది. ముందుకు తిప్పుతూ వచ్చి ఆగితే ఒక తరంగదైర్ఘ్యం, వెనక్కి తిప్పుతూ వచ్చి అదే అంకె దగ్గర ఆగితే ఇంకొకటి. అందుకని వెనక్కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు కావలసిన చోటు దాటి ఇంకొంచెం వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చి ఆగాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరుకోవాలి. షట్టర్ మూసి చీకటి రీడింగు తీసి ఉంచుకోవాలి. ప్రతి అంకెనూ వచ్చిన వెంటనే ఫైల్లో రాయాలి. అంతా అయ్యాక ఒకేసారి సేవ్ చేద్దామనుకుంటే 390వ రీడింగు దగ్గర కరెంటు పోతుంది, మన ఊళ్ళలో ఇది చెప్పనక్కర్లేదు. ఫైలు పైభాగాన తేదీ, స్లిట్ వెడల్పు, గ్రేటింగ్, ట్యూబుకు ఇచ్చిన వోల్టేజీ, శాంపిల్ పేరు తనంతట తనే పడేలా చెయ్యాలి. ఇవన్నీ ఒక్కసారి రాసుకుంటే తర్వాత వచ్చే ప్రతి విద్యార్థికీ పనికొస్తాయి.

పరికరాలతో కంప్యూటర్ మాట్లాడటం నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. 1960ల చివర్లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ తన పరికరాలను ఒకదానికొకటి కలపడానికి తయారుచేసుకున్న పద్ధతే 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది. మనం జీపీఐబీ అంటున్నది దాన్నే. కంప్యూటర్‌తో కలిపి 15 పరికరాలను ఒకే వరసలో తగిలించవచ్చు. 1990లో స్కిపీ అనే ఉమ్మడి కమాండ్ల భాష వచ్చింది. ఆ కుటుంబానికి చెందిన ఏ పరికరానికైనా నక్షత్రం గుర్తు, దాని వెంట ఐ-డీ-ఎన్ అనే మూడక్షరాలు, చివర ప్రశ్నార్థకం పంపితే, అది తన కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు చెబుతుంది. ఆ జవాబు మొదటిసారి స్క్రీన్ మీద చూసిన విద్యార్థి ముఖం వెలిగిపోతుంది. తర్వాత కేబుల్ మారింది, యూఎస్‌బీ వచ్చింది, నెట్‌వర్క్ కేబుల్ వచ్చింది, మాట్లాడే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. పైథాన్ ఉచితం. దానిలో పరికరాలతో మాట్లాడించే పైవీసా అనే లైబ్రరీ కూడా ఉచితమే.

మరి ఎక్కడ ఆగిపోయాం? ఏ ల్యాబుకైనా వెళ్ళి పాత యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ వెనక్కి తిప్పి చూడండి. దుమ్ము కింద ఒక సీరియల్ పోర్టు ఉంటుంది, కొన్నప్పటి నుంచి అందులో కేబుల్ దూరి ఉండదు. మాన్యువల్ ఇంకా మిగిలి ఉంటే, చాలా మోడళ్ళకు చివరి పేజీల్లో కమాండ్ల పట్టిక ఉంటుంది. ఏ అక్షరం పంపితే ఏ తరంగదైర్ఘ్యానికి వెళుతుంది, ఏది పంపితే అబ్సార్బెన్స్ చెబుతుంది అని. ఐదారు వందల రూపాయల యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ తెచ్చి తగిలిస్తే మొదట ఏమీ రాదు. రెండో పిన్నూ మూడో పిన్నూ అటూ ఇటూ మారాలేమో చూడాలి. వేగం 9600 పెట్టారా, 8 బిట్లు పెట్టారా, ప్యారిటీ తీసేశారా చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నా కమాండ్ చివర క్యారేజ్ రిటర్న్ (లైను ముగిసిందని చెప్పే అక్షరం) పంపకపోతే అది మూగగా కూర్చుంటుంది. ఆ ఒక్క అక్షరం చేర్చగానే లోపల గ్రేటింగ్ మోటారు చప్పుడు వినిపిస్తుంది. స్క్రాపుకు రాసేద్దామనుకున్న పరికరాలు ఇలా మళ్ళీ పనిలోకి రావడం నేను కళ్ళారా చూశాను.

పాతవాటి కథ ఇలా ఉంటే, కొత్తవాటితో వచ్చే చిక్కు వేరు. చాలా కొత్త పరికరాలకు పెట్టె మీద పోర్టు ఉంటుంది, అందులో ఏం పంపాలో చెప్పే పుస్తకం ఉండదు. అడిగితే "అది కంపెనీ రహస్యం సార్" అంటారు, లేదంటే "ఆ మాడ్యూల్ విడిగా కొనాలి" అంటారు. లక్షలు పోసి కొన్నాక ఈ జవాబు వినడం ఎలా ఉంటుందంటే, ఇల్లు మన పేరున రిజిస్టర్ చేసి తాళంచెవి మాత్రం అమ్మినవాడే జేబులో వేసుకున్నట్టుంటుంది. ఇది ఏ ఒక్క కంపెనీ మీదో ఫిర్యాదు కాదు. అడక్కుండా కొనే మన అలవాటు మీద.

ఇందులో అసలు ప్రమాదం పదేళ్ళ తర్వాత బయటపడుతుంది. పరికరం ఇంకా దుక్కలా ఉంటుంది, దాని పక్కనున్న కంప్యూటర్ పోతుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో మద్దతు ఆపేసింది. విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో ఆపింది. ఇప్పటికీ ఎక్స్‌పీ మీద నడుస్తున్న పరికరాలు మన క్యాంపస్‌లలో ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ కంప్యూటర్ మదర్‌బోర్డులో ప్రత్యేకంగా ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డు పట్టే స్లాటు కొత్త కంప్యూటర్లలో లేదు. సాఫ్ట్‌వేర్ సీడీ ఎవరి దగ్గరుందో తెలియదు. కంపెనీకి రాస్తే కొత్త కార్డు, కొత్త సాఫ్ట్‌వేర్, ఇంజనీరు రాకపోకలు కలిపి కొటేషన్ వస్తుంది. అది చూసి హెడ్డు గారు "కొత్తది కొనడమే నయం" అంటారు. కొత్తదానికి గ్రాంటు రాదు. ఈలోగా ఇద్దరు ముగ్గురు స్కాలర్లు శాంపిళ్ళు డబ్బాలో పెట్టుకుని పక్క యూనివర్సిటీకి రైలెక్కుతారు. కమాండ్ల పుస్తకం చేతిలో ఉంటే ఆ కంప్యూటర్ పోయినా పరికరం పోదు.

స్పెక్ట్రోస్కోపీ మనకు పరాయి విద్య కాదు. కొచ్చెర్లకోట రంగధామరావు గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ప్రయోగశాలలను తీర్చిదిద్ది, దేశమంతా గుర్తించిన స్పెక్ట్రోస్కోపీ కేంద్రంగా నిలిపారు. ఆయన పేరున భారత జాతీయ సైన్స్ అకాడమీ స్మారకోపన్యాసం నెలకొల్పింది. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారూ అక్కడే బోధించారు. ఆ కాలంలో వర్ణపటాన్ని ఫోటో పలక మీద తీసేవారు. చీకటి గదిలో కడిగి, పక్కనే తీసుకున్న ఇనుప ఆర్క్ గీతలతో పోల్చి, కంపారేటర్ కింద ఒక్కో గీత స్థానం కొలిచేవారు. ఎక్కడ ఏ పొరపాటు దూరే వీలుందో ఆ పద్ధతిలో పనిచేసిన మనిషికి అణువణువూ తెలిసి ఉండేది. ఈ రోజు స్టార్ట్ బటన్ నొక్కే విద్యార్థికి ఆ తెలివిడి రావడం లేదు. ప్రోగ్రామ్ రాసే విద్యార్థికి కొంతవరకైనా వస్తుంది. నేను ఆటోమేషన్ అడగడానికి సమయం కలిసిరావడం ఒక్కటే కారణం కాదు.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. "కంప్యూటర్‌కి అప్పగిస్తే పిల్లలు కళ్ళు మూసుకుని గ్రాఫును నమ్మేస్తారు" అని ఒక ప్రొఫెసర్ గారు నాతో అన్నారు. నమ్ముతారు. ఆదర్శ ఉదాహరణ పాదరసం దీపం. దానికి 253.65 నానోమీటర్ల దగ్గర బలమైన అతినీలలోహిత గీత ఉంది. గ్రేటింగ్ దాన్ని రెండో ఆర్డరులో రెట్టింపు స్థానంలో, అంటే 507.3 దగ్గర మళ్ళీ చూపిస్తుంది. ముందు సరైన ఫిల్టరు పెట్టకపోతే అక్కడ అందమైన, సన్నటి పీక్ వస్తుంది. ప్రోగ్రామ్ దాన్ని శ్రద్ధగా ఫైల్లో రాస్తుంది. అది పాదరసపు ఆకుపచ్చ గీత కాదని, ఆ గీత 546.07 దగ్గర ఉంటుందని ప్రోగ్రామ్‌కు తెలియదు. తెలియాల్సింది మనిషికి. కాబట్టి మొదటి స్కాన్ చేత్తోనే చేయించండి. డిగ్రీలో ప్రిజమ్ బల్ల మీద కనిష్ఠ విచలన కోణం వెతకడం, వెర్నియర్ చదవడం తీసెయ్యమని నేను అనను. అయితే ఆ రికార్డుల్లో సోడియం వెలుగు ప్రతి ఒక్కరికీ సరిగ్గా 5893 ఆంగ్‌స్ట్రామ్‌లే వస్తుందంటే, చేత్తో చేయించినంత మాత్రాన కళ్ళు తెరుచుకోవని కూడా ఒప్పుకుందాం.

ఆటోమేషన్ నిజంగా మనుషులకు మేలు చేసే చోటు రాత్రి పూట కొలతలు. శాంపిల్‌ను 10 కెల్విన్ నుంచి 300 కెల్విన్ దాకా వేడిచేస్తూ పది కెల్విన్‌లకోసారి స్పెక్ట్రమ్ తీయాలంటే ముప్పై ఉష్ణోగ్రతలు. ఒక్కోచోట ఉష్ణోగ్రత నిలకడపడి స్కాన్ ముగియడానికి ఇరవై నిమిషాలనుకున్నా పది గంటలు. మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. అమ్మాయిల హాస్టల్ గేటు రాత్రి ఏ టైముకు మూస్తారో మీకు తెలుసు. అందువల్ల ఆ కొలత చేసే అవకాశం అబ్బాయిలకే దక్కుతుంది, లేదా ఆ అమ్మాయి రోజుల తరబడి అనుమతి ఉత్తరాలు పట్టుకుని తిరుగుతుంది. శాంపిల్ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే క్రయోస్టాట్ కంట్రోలర్, మోనోక్రోమేటర్, లాక్-ఇన్ మూడూ ఒకే ప్రోగ్రామ్ కింద ఉంటే, ఆమె సాయంత్రం శాంపిల్ పెట్టి, మొదటి రెండు ఉష్ణోగ్రతలు చూసి వెళ్ళిపోతుంది. పొద్దున్న వచ్చి డేటా చూసుకుంటుంది. గేటు వేళల గురించి విడిగా పోరాడాల్సిందే, అది నిజం. కానీ ఈ పని దానికోసం ఆగక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. మనిషి లేనప్పుడు నడిచే లేజరుకు, ఎక్కువ వోల్టేజీతో నడిచే ట్యూబుకు రక్షణ ప్రోగ్రామ్‌లో పెట్టి ఊరుకోకూడదు. ప్రోగ్రామ్ హ్యాంగ్ అవుతుంది, విండోస్ అప్‌డేట్ పేరుతో అర్ధరాత్రి రీస్టార్ట్ అవుతుంది. మూత తెరిస్తే షట్టర్ పడిపోవడం, చల్లబరిచే నీళ్ళు ఆగితే పవర్ కట్ అవడం కంప్యూటర్‌తో పనిలేకుండా వైరింగులోనే ఉండాలి. ఇది లేకుండా రాత్రి స్కాన్‌కు ఎవరికీ అనుమతి ఇవ్వొద్దు.

ఇక ఉద్యోగాల సంగతి. మన కెమిస్ట్రీ పిల్లల్లో చాలామంది హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబులకే వెళతారు. అక్కడి మందులు అమెరికాకు వెళ్ళాలంటే ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన, ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించిన పార్ట్ 11 నిబంధనలకు లోబడాలి. ఎవరి లాగిన్ వారిదే. ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో పరికరం తనే రాసి ఉంచాలి. నచ్చని స్కాన్ తీసేసి మళ్ళీ తీస్తే అది తీవ్రమైన ఉల్లంఘన కిందే లెక్క. మన ల్యాబుల్లో అందరికీ కలిపి ఒకే లాగిన్, దాని పాస్‌వర్డ్ కంప్యూటర్ మీద స్టిక్కర్ అంటించి ఉంటుంది. డేటా నిజాయితీ మీద గంట లెక్చర్ ఇచ్చేకన్నా, తీసిన ప్రతి స్కాన్‌నూ చెడ్డదైనా సరే తేదీతో సహా దాచిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి వాళ్ళ చేత రాయిస్తే ఆ పద్ధతి ఒంటబడుతుంది.

కొనుగోలు కమిటీల పెద్దలు టెండరులో పెట్టాల్సింది నాలుగు వాక్యాలకు మించదు. పరికరంతో పాటు దాని ప్రోగ్రామింగ్ మాన్యువల్ ఇవ్వాలి, దాన్ని మన పరిశోధనలో వాడుకోవడానికి విడిగా డబ్బు అడగకూడదు. సాఫ్ట్‌వేర్ గడువు లేనిదై ఉండాలి, కంప్యూటర్ మారినప్పుడు మళ్ళీ వేసుకునే వీలుండాలి. ముడి డేటా అంతా ఒకేసారి మామూలు టెక్స్ట్ రూపంలోనో, స్పెక్ట్రాల కోసం 1988 నుంచి వాడుకలో ఉన్న జేక్యాంప్-డీఎక్స్ అనే ఉమ్మడి ఫైలు రూపంలోనో బయటికి రావాలి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఇన్‌స్టలేషన్ నాడు కంపెనీ ఇంజనీరు మన కంప్యూటర్ నుంచి, మన ఎదుట, చిన్న ప్రోగ్రామ్‌తో ఒక్క స్కాన్ తీసి చూపించాలి. అది చూపించాకే చివరి విడత చెల్లింపు. కాగితం మీద "ఎస్" అని టిక్కు పెట్టి, తీరా వచ్చాక చేతులెత్తేసే వాళ్ళకు ఈ ఒక్క షరతు చాలు.

ఆడిట్‌లో ఇది అనవసరపు హంగు అంటారేమోనని భయం అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళకు వర్తించే ఆర్థిక నియమావళి జీఎఫ్‌ఆర్ 2017 అడిగేది స్పెసిఫికేషన్లు మన అవసరానికి తగ్గట్టు స్పష్టంగా ఉండాలని, అనవసరమైనవి చేర్చొద్దని. పరికరం ఆయుష్షును పెంచే షరతు అవసరం కిందికే వస్తుంది, ఏ బ్రాండుకూ కొమ్ముకాయదు కూడా. "మీ ప్రోగ్రామ్ పెడితే వారంటీ పోతుంది" అనే బెదిరింపుకూ జవాబు ఇక్కడే ఉంది. వాళ్ళే రాసిచ్చిన కమాండ్లు వాళ్ళే పెట్టిన పోర్టులోంచి పంపుతున్నాం, పెట్టె మూత తీయడం లేదు.

అన్ని పరికరాలకూ ఒకే కొలత వద్దు. పరారుణ కిరణాలతో కొలిచే ఎఫ్‌టీఐఆర్ లాంటిదానిలో కదిలే అద్దం, దాని స్థానాన్ని కొలిచే 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్, వెనక ఫూరియర్ లెక్క, అంతా కలిసి ఒకే యంత్రం. ఆ లోపలి పనిలో మనం వేలు పెట్టక్కర్లేదు. స్కాన్ మొదలుపెట్టు, బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకుండా తీసే స్కాన్) మళ్ళీ తియ్యి, డేటా ఇవ్వు. ఈ మూడు కమాండ్లు బయటి నుంచి ఇవ్వగలిగితే చాలు. బ్యాక్‌గ్రౌండ్ గంటకోసారి దానంతట అదే తీసుకుంటే 2350 తరంగసంఖ్య (సెంటీమీటరుకు తరంగాలు) దగ్గర గదిలోని కార్బన్ డయాక్సైడ్ తలకిందులుగా కనిపించే స్పెక్ట్రాలు మన థీసిస్‌లలో తగ్గుతాయి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారికి. దీనికి కొత్త పేపరు అక్కర్లేదు, ఉన్న ప్రాక్టికల్స్‌లో మూడు నాలుగు ప్రయోగాలు మార్చితే చాలు. ఖర్చు గురించి భయపడాల్సిందీ లేదు. ఢిల్లీలోని ఇంటర్-యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్ళు విద్యార్థుల కోసమే రూపొందించిన ఎక్స్‌పైస్ (ExpEYES) అనే చిన్న పెట్టె పైథాన్‌తో నడుస్తుంది. పాత డీవీడీ ముక్క ఒకటి, వెబ్‌క్యామ్ ఒకటి ఉంటే స్పెక్ట్రోమీటరే తయారవుతుంది. డీవీడీ మీద గాడుల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు సుమారు 1350 గీతలున్న గ్రేటింగ్. సీడీ అయితే 625. ఇంట్లో మూలపడ్డ సీఎఫ్‌ఎల్ బల్బు వెలిగిస్తే పాదరసపు 435.8, 546.1 గీతలు, ఎర్రగా యూరోపియం 611 దగ్గర కనిపిస్తాయి. ఏ పిక్సెల్ ఏ తరంగదైర్ఘ్యమో వాటితో లెక్కగట్టి, తర్వాత తెలియని ఎల్‌ఈడీ ఒకటి ఇచ్చి కొలవమనండి. ఆ తర్వాత ఒక స్టెప్పర్ మోటారు, వెలుగును కొలిచే ఒక ఫోటోడయోడ్, ఆర్డుయినో అనే చిన్న కంట్రోల్ బోర్డు ఒకటి. ఇవి చేసిన విద్యార్థి పెద్ద పరికరం ముందు కూర్చుంటే భయపడడు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు కూడా పని సులువే. వెర్నియర్ లీస్ట్ కౌంట్ ఎంత అని అడగడంతో పాటు, "ఈ లైను తీసేస్తే నీ స్కాన్‌లో ఏం తేడా వస్తుంది?" అని అడిగితే, ఎవరు రాశారో ఎవరు కాపీ కొట్టారో నిమిషంలో తేలిపోతుంది.

2020లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఒక రోబో ల్యాబులో తిరుగుతూ ఎనిమిది రోజుల్లో 688 ప్రయోగాలు చేసిందని చదివి చాలామంది ఉత్సాహపడ్డారు. మనకు ప్రస్తుతానికి అంత అక్కర్లేదు. మన దగ్గర ఉన్న మోనోక్రోమేటర్ మన మాట వింటే చాలు.

"ఇదంతా ఎవరు చెయ్యాలి?" అనే ప్రశ్న న్యాయమైనది. టెక్నికల్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఉన్నవాళ్ళకు ఈ పని చేసినందుకు పేరు రాదు. కంట్రోల్ ప్రోగ్రామ్ రాసిన మనిషిని పేపరు చివర కృతజ్ఞతల్లో కూడా చాలాసార్లు మర్చిపోతారు. ప్రమోషన్ లెక్కల్లో, పీహెచ్‌డీ ప్రగతి నివేదికల్లో ఈ పనికి చోటివ్వండి. రాసిన ప్రోగ్రామ్‌లు విభాగం పేరున ఒకచోట దాచి, పక్క యూనివర్సిటీలతో పంచుకునే ఏర్పాటు చెయ్యండి. పరికరాలను అందరికీ అందుబాటులోకి తెచ్చే ఐ-స్టెమ్ పోర్టల్ 2020 నుంచి ఉంది. పరికరం వివరాల పక్కన దాన్ని నడిపే ప్రోగ్రామ్ కూడా ఉంటే, బయటి ఊరి నుంచి శాంపిల్ పంపినవాడికి నమ్మకం పెరుగుతుంది.

టెండరులో పెట్టదగిన వాక్యాలను ముసాయిదాగా రాసి పెట్టాను. ఏ కమిటీ అడిగినా ఇస్తాను, మీ న్యాయ విభాగం దాన్ని దిద్దుకోవచ్చు. కొత్త కొనుగోళ్ళకు, సిలబస్ మార్పుకు సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ప్రతి విభాగాధిపతి నుంచి ఒక్క పేజీ అడగండి. మీ దగ్గరున్న ఒక్కో స్పెక్ట్రోమీటరుకు వెనక ఏ పోర్టు ఉంది, కమాండ్ల పుస్తకం ఉందా లేదా, దాని కంప్యూటర్‌లో ఏ విండోస్ నడుస్తోంది, ఆ హార్డ్ డిస్కుకు పూర్తి కాపీ తీసి ఉంచారా. ఆఖరి గడిలో "లేదు" అని వచ్చినవాటికి ఈ నెలలోనే కాపీ తీయించండి. అందుకు కావలసింది ఒక బయటి హార్డ్ డిస్కు, ఒక మధ్యాహ్నం.

ఇట్లు,
స్పెక్ట్రోస్కోపీ ల్యాబులో పనిచేసే ఒక సాంకేతిక ఉద్యోగి